తప్పు నీళ్లది కాదు, నా చేతిది

చిన్నప్పుడు మా ఊరి కాలవలో దిగనివ్వలేదు అమ్మ. అందుకే ఇరవై ఏడేళ్లొచ్చాక, రోజంతా కుర్చీలో కూర్చుని నడుం పట్టేశాక, హైదరాబాద్‌లో ఓ స్విమ్మింగ్ పూల్‌లో చిన్నపిల్లల పక్కన ఈత నేర్చుకున్నా. ఆరు నెలలు తిరిగేసరికి నడుం నొప్పి పోయింది. పొద్దున్నే ఆరింటికి నీళ్లలో పడకపోతే ఏదో వెలితిగా ఉండేది.

దాంతోపాటే ఇంకో అలవాటైంది. పూల్ నుంచి రాగానే ఇయర్‌బడ్ పెట్టి చెవులు రెండూ తిప్పేయడం, వెంటనే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మీటింగ్‌లో కూర్చోవడం.

మొదట దురద. బడ్ ఇంకాస్త లోపలికి పోనిచ్చా. మూడో రోజుకి ఎడమ చెవి దిబ్బడ వేసింది. నాలుగో రోజు నొప్పి మొదలైంది. దిండు తగిలితే నొప్పి, ఇడ్లీ నమిలినా నొప్పి. మీటింగ్‌లో మేనేజర్ మాట నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టు ఉంది. ఆ రాత్రి కుడి చెవి మూసుకుని, ఫోన్‌లో పాట పెట్టి ఎడమ చెవితో విన్నా. సగమే వినిపించింది. చెవి పోయిందేమోనని నిజంగా భయమేసింది.

అమ్మకి ఫోన్ చేశా. "ఆ ఈత మానెయ్ నాన్నా. వెల్లుల్లి కాచిన నూనె రెండు చుక్కలు పోసుకో" అంది. నూనె పోసుకోలేదు గానీ, ఈత మానేద్దామని మాత్రం డిసైడైపోయా.

ఇఎన్‌టీ డాక్టర్ గారు చెవి డొప్ప పట్టుకుని కొంచెం లాగారు. ఎగిరిపడ్డా. "స్విమ్మర్స్ ఇయర్. చెవి గొట్టం చర్మానికి ఇన్ఫెక్షన్. లోపల వాచింది కాబట్టే సరిగ్గా వినిపించట్లేదు, తగ్గిపోతుంది" అన్నారు. ఆ తర్వాత అడిగింది ఈత గురించి కాదు. "బడ్స్ వాడతారా?"

గులిమి మురికి కాదట. నీళ్లని చర్మానికి అంటనివ్వదు. దానికున్న కొద్దిపాటి ఆమ్ల గుణం బ్యాక్టీరియాని పెరగనివ్వదు. మామూలుగా అయితే దానంతటదే మెల్లగా బయటికొచ్చేస్తుంది. నేనేమో రోజూ దాన్ని తోడేసి, చర్మం గీకి, ఆ తడి మీద ఇయర్‌ఫోన్ బిరడా పెట్టా. రూట్ కాజ్ దొరికింది.

చెవి శుభ్రం చేసి, వారం రోజులకి యాంటీబయాటిక్ చుక్కల మందు రాశారు. సీసాని కాసేపు గుప్పిట్లో పట్టుకుని వేసుకోవాలి, చల్లటి మందు పడితే కళ్లు తిరుగుతాయి. వేశాక ఐదు నిమిషాలు పక్కకి తిరిగి పడుకోవాలి. నొప్పి తగ్గిందని మధ్యలో మానకూడదు. నయమయ్యేదాకా ఈత, ఇయర్‌ఫోన్స్ బంద్.

ఇప్పుడు నేను చేసేది ఇంతే. పూల్ నుంచి రాగానే తల ఒక పక్కకి వంచి, చెవి తమ్మె అటూ ఇటూ లాగి నీళ్లు కారనిస్తా. తువ్వాలుతో బయటే తుడుస్తా. ఇంకా తడిగా ఉంటే హెయిర్ డ్రయ్యర్‌ని తక్కువ వేడిలో, జానెడు పైనే దూరంగా పెడతా. చెవి పూర్తిగా ఆరాకే ఇయర్‌ఫోన్స్. నెట్‌లో చెప్పే వెనిగర్, స్పిరిట్ చుక్కల జోలికి సొంతంగా పోవద్దు. కర్ణభేరికి చిల్లుంటే అవి ప్రమాదం.

వచ్చేముందు డాక్టర్ గారు ఇంకో మాట అన్నారు. షుగర్ ఉన్నవాళ్లలో ఈ ఇన్ఫెక్షన్ ఒక్కోసారి ఎముక దాకా పాకుతుందట. వాళ్లు చెవిపోటుని అస్సలు తేలిగ్గా తీసుకోకూడదు.

మా అమ్మకి షుగర్. టీవీ చూస్తూ పిన్నీసుతో చెవి తిప్పుకోవడం ఆవిడకి ఎప్పటినుంచో అలవాటు.

బయటికి రాగానే ఫోన్ చేశా. "నేను బడ్స్ మానేస్తున్నా. నువ్వు ఆ పిన్నీసు మానెయ్యమ్మా" అని కారణం చెప్పా. కాసేపు మాట్లాడలేదు.

"సరేలే, మానేస్తా. మరి నీ ఈత?"

"చెవి తగ్గాక, మళ్లీ ఆరింటికే."