పల్లె కబుర్లు – 23: వాయించను అనే హక్కు



గుంటూరులో ఇంజనీరింగ్ చదువుతున్న తమ్ముడొకడు, మా నూజెండ్ల మండలం వాడే, పోయిన వారం ఒక వీడియో పంపాడు. అమెరికాలో ఏదో చిన్న హాలు. రెండొందల మంది కూడా ఉండరు. మోకాలెత్తు స్టేజీ మీద నలుగురు. రెండు గిటార్లు, ఒక బేస్, డ్రమ్స్. పాడేవాడి చెమట ముందు వరస వాళ్ల మీద పడుతోంది. కింద తమ్ముడి మెసేజ్: "అన్నా, ఇండీ రాక్ అంటే ఇదే. కంపెనీలు లేవు, ప్రొడ్యూసర్లు లేరు. ఆళ్ల పాట ఆళ్లే రాసుకుంటారు, ఆళ్లే పాడుకుంటారు. మనకి ఇట్టాంటియి ఎందుకు లేవన్నా?"

ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదు. అందుకే ఈ వారం పోస్టు దీని మీద. పెద్దదే. ఓపిగ్గా చదవండి.

ముందు ఆ 'ఇండీ' సంగతి. అది ఇండియాకి పొట్టిపేరేమీ కాదు, ఇండిపెండెంట్ అనే మాటని కత్తిరించారు. 1980లలో పెద్ద రికార్డు కంపెనీల గుమ్మం తొక్కకుండా, సొంత డబ్బుతో పాటలు రికార్డు చేసుకుని, ఊరూరా వ్యాన్లలో తిరిగి వాయించిన బ్యాండ్లకి అక్కడ ఆ పేరొచ్చింది. వాషింగ్టన్ నగరంలో ఇయన్ మెకై, జెఫ్ నెల్సన్ అనే ఇద్దరు కుర్రాళ్లు 1980లో డిస్కార్డ్ రికార్డ్స్ అని సొంత సంస్థ పెట్టుకున్నారు. తర్వాత మెకై ఫుగాజీ అనే బ్యాండ్ కట్టాడు. వాళ్ల కచేరీ టికెట్ ఐదు డాలర్లకి అటూ ఇటూగానే ఉండేది. చిన్నపిల్లలైనా రావచ్చు. బ్యాండ్ పేరుతో టీషర్టులు అమ్మి సొమ్ము చేసుకోలేదు. కింద ఎవడన్నా పక్కవాళ్ల మీద పడి కొడుతుంటే పాట ఆపేవాళ్లు. వాడి ఐదు డాలర్లు కవర్లో పెట్టి చేతికిచ్చి బయటికి పంపేవాళ్లు. మొత్తం వెయ్యికి పైగా ప్రదర్శనలిచ్చారు, అందులో ఎనిమిది వందలకి పైగా రికార్డు చేసి దాచుకున్నారు. 2011 నుంచి వాటిని తామే జనానికి అందిస్తున్నారు.

సియాటిల్‌లో సబ్ పాప్ అనే చిన్న సంస్థ 1989లో నిర్వాణ బ్యాండ్ మొదటి ఆల్బమ్ 'బ్లీచ్' తెచ్చింది. దాని రికార్డింగ్ ఖర్చు 606 డాలర్లు. ఆ పక్కనే ఒలింపియా అనే ఊళ్లో బికినీ కిల్ అనే బ్యాండ్ పుట్టింది. దాని గాయని కాథ్లీన్ హన్నా ఆడపిల్లల్ని స్టేజీ ముందుకు పిలిచేది, మగపిల్లల్ని వెనక్కి జరగమనేది. ఎందుకంటే ఆ తోపులాటలో ఆడపిల్లకి నిలబడే చోటే ఉండేది కాదు.

ఒకటి గమనించండి. ఇప్పటిదాకా నేను గిటారు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. టికెట్ ఎంత, తలుపు ఎవరికి తెరుస్తారు, రికార్డు ఎవరి దగ్గరుంటుంది, ముందు వరసలో ఎవరు నిలబడతారు. వాళ్లు స్వతంత్రం అన్నది ఈ నాలుగు నిర్ణయాల్ని.

అట్టాగని ఆ స్టేజీకి దండం పెట్టక్కర్లేదు. అక్కడా ఒక ఊరూ, ఒక పల్లె ఉన్నాయి. రాక్ సంగీతం నల్లజాతి వాళ్ల గొంతులోంచి వచ్చింది. బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్లజాతి గాయని 1952లో 'హౌండ్ డాగ్' రికార్డు చేసింది. 1956లో ఎల్విస్ ప్రెస్లీ పాడాక అది లోకానికి ఎల్విస్ పాటైపోయింది. మెకై లాంటి తెల్ల కుర్రాళ్లకి దారి చూపిన బ్యాడ్ బ్రెయిన్స్ నల్లవాళ్ల బ్యాండే. అయినా ఆ హాళ్లలో నల్లపిల్లలు ఒంటరిగా నిలబడాల్సి వచ్చింది. ఆ ఒంటరితనం మీదే జేమ్స్ స్పూనర్ 2003లో 'ఆఫ్రో-పంక్' అనే డాక్యుమెంటరీ తీశాడు. కంపెనీ నుంచి స్వతంత్రం దొరికినా రంగు నుంచి దొరకలేదన్నమాట.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. మనకి లేవా ఇట్టాంటి రాత్రులు?

కారెంపూడిలో కార్తీకమాసంలో పల్నాటి వీరుల ఉత్సవాలు జరుగుతాయి. వీరవిద్యావంతులు పంబ మోగిస్తూ వీరుల కథ పాడతారు. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టించాడని, మాల కన్నమదాసుని సేనానిని చేశాడని చెప్పే కథ అది. తరాలుగా దాన్ని గొంతులో మోసుకొచ్చింది మాలలు. జీన్ రోఘైర్ అనే అమెరికన్ పరిశోధకుడు పల్నాడు వచ్చి, అలిశెట్టి గాలెయ్య పాడిన కథని రికార్డు చేసి, ఇంగ్లీషులో పెట్టాడు. 1982లో ఆక్స్‌ఫర్డ్ దాన్ని పుస్తకంగా వేసింది. పల్నాటి వీరచరిత్ర అనగానే మన పాఠాల్లో శ్రీనాథుడి పేరొస్తుంది. గాలెయ్య పేరు మీలో ఎంతమంది విన్నారు?

క్రిస్మస్ ముందు రాత్రి మన పల్లెలు గుర్తు తెచ్చుకోండి. మన పిల్లలకి కీబోర్డు, ప్యాడ్స్, గిటారు నేర్పింది ఏ సంగీత కళాశాలా కాదు, చర్చి. చందాలేసుకుని మైకుసెట్టు తెచ్చుకుంటాం, మన పిల్లలే వాయిస్తారు, మన అమ్మలే పాడతారు. టికెట్ లేదు, తలుపు లేదు. అమెరికాలో వ్యాన్లలో క్యాసెట్లు అమ్ముకుంటున్న రోజుల్లోనే మన ఉద్యమ పాట కూడా క్యాసెట్ల మీద ఊరూరా తిరిగింది. 1990 ఫిబ్రవరిలో హైదరాబాద్ నిజాం కాలేజీ మైదానంలో గద్దర్ని వినడానికి జనం సముద్రంలా వచ్చారు. ఆయన పెట్టుకున్న ఆ పేరు కూడా 1913లో అమెరికా పసిఫిక్ తీరంలో మనవాళ్లు పెట్టుకున్న గదర్ పార్టీది.

కాబట్టి రాత్రులు ఉన్నాయి, పాట ఉంది, జనం ఉన్నారు. మనకి లేనిది వేరే ఒకటి. దానికి మా తాత సంగతి చెప్పాలి.

మా తాత డప్పు వాయించేవాడు. మా వైపు పెద్దోళ్లు పలక అంటారు, తప్పెట అంటారు. ఊళ్లో పెద్దకులాల ఇళ్లల్లో ఎవరు చచ్చినా పల్లెకి కబురొచ్చేది. వచ్చినవాడు పల్లె మొదట్లోనే నిలబడి కేకేసేవాడు, లోపలికి అడుగు పెట్టడు. వానైనా, ఇంట్లో బిడ్డ జ్వరంతో మూలుగుతున్నా పోవాల్సిందే. గడ్డి మంటేసి పలక కాచుకుని, శవం ముందు శ్మశానం దాకా వాయించాలి. చేతికొచ్చేది గ్లాసు సారా, కాస్త చిల్లర. ఏడాదికోసారి కల్లం దగ్గర మేర గింజలు. ఆయనకి తెల్లవార్లూ వాయించే సత్తువ ఉంది. నిలబడ్డవాడి కాలు దానంతటదే కదిలే దరువులు తెలుసు. అదే ఊళ్లో ఆయన పేరు ఎవరూ గౌరవంగా పలకలేదు. అరేయ్, ఒరేయ్ తప్ప.

మా తాత ఏ రికార్డు కంపెనీకీ సంతకం పెట్టలేదు. ప్రొడ్యూసర్ లేడు, మేనేజర్ లేడు. మరి ఆయన ఇండిపెండెంట్ ఆర్టిస్టా?

అమెరికా కుర్రాడికి కంపెనీ "రా" అంటే "రాను" అన్నాడు, అది అతని స్వతంత్రం. మా తాతని ఊరు "రా" అంటే "రాను" అనడానికి నోరు లేదు. కులం అనే కాంట్రాక్టు మీద సంతకం అడగరు. పుట్టడమే సంతకం.

ఆ మాట అన్నది మా నాన్న తరం. ఒక చావుకి కబురొస్తే పల్లెలో కుర్రాళ్లంతా ఒకచోట కూర్చుని తేల్చుకున్నారు. "మనిషి పోయాడంటే మనుషులుగా వస్తాం, ఒక పూలదండేసి వస్తాం. పలక పట్టుకుని మాత్రం రాం" అని కబురు తిప్పి పంపారు. ఆ ఏడు మిరపకోతలకి పల్లెలో ఒక్కరినీ కూలికి పిలవలేదు. మా అమ్మావాళ్లు పక్క మండలాలకి ఆటోల్లో పోయి కోతలు కోసొచ్చారు. ఊరి పేరు ఇక్కడ రాయను. పల్నాడులో ఉన్నవాళ్లకి అట్టాంటి ఊరు ఒక్కటే కాదని తెలుసు. నా లెక్కలో మా పల్లె ఇచ్చిన మొదటి స్వతంత్ర కచేరీ ఆ రోజుదే. ఒక్క దరువు కూడా మోగలేదు.

ఇది మా పల్లె కనిపెట్టిందేమీ కాదు. బాబాసాహెబ్ మహర్లకి చెప్పింది ఇదే. చచ్చిన గొడ్డుని ఈడ్చొద్దు, ఊరి వెట్టి చెయ్యొద్దు అన్నాడు. మహర్ వతన్ పేరుతో సాగుతున్న ఆ వెట్టి మీద 1928లో బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టాడు. 1985 జూలై 17న కారంచేడు జరిగాక మన దగ్గర ఆత్మగౌరవం అనే మాట పల్లె పల్లెకీ చేరింది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా పుట్టింది. పేరు చూడండి. దండోరా! ఊరి పెద్దల కబురు చాటడానికి మన చేత మోయించిన డప్పుని మన కబురు చాటడానికి తిప్పుకున్నారు. పలక అదే, తోలు అదే. ఎవరి మాట మీద మోగుతోంది అన్నదే మారింది.

డప్పుని తగలెట్టాలి, అది బానిసత్వం గుర్తు అనేవాళ్లు మనలో ఉన్నారు. డప్పు మన సంస్కృతి, మన గర్వం అనేవాళ్లూ ఉన్నారు. ఇద్దరి కోపమూ నాకు తెలుసు. నేను అడిగేది ఒక్కటే. వాయించేవాడికి "ఈ రోజు వాయించను" అనే హక్కు ఉందా? ఉంటే అది కళ. లేకపోతే ఎంత పెద్ద స్టేజీ మీద మోగినా వెట్టే.

ఇది పాతకాలం సంగతి అనుకోకండి. ఆ మధ్య ఒక కాలేజీ ఫెస్టుకి నన్ను మాట్లాడమని పిలిచారు. గేటు దగ్గర ఎండలో నలుగురు డప్పు కళాకారులు. వచ్చిన ప్రతి ముఖ్య అతిథి కారు ముందూ వాయిస్తున్నారు. రాత్రి స్టేజీ మీద ఒక బ్యాండ్ ఎక్కింది. పాట మధ్యలో డప్పు దరువు అదిరిపోయింది, పిల్లలంతా ఊగిపోయారు. ఆ దరువు వచ్చింది ఎలక్ట్రానిక్ ప్యాడ్ లోంచి! నలుగురు మనుషులేమో అప్పటికి సైకిల్ స్టాండు పక్కన కూర్చుని డబ్బుల కోసం ఎదురుచూస్తున్నారు. పోస్టర్ మీద బ్యాండ్ పేరుంది. వీళ్లది "డప్పు వాయిద్యం" అని ఉంది, అంతే. మన శబ్దానికి స్టేజీ దొరికింది, మనుషులు గేటు దగ్గరే ఉండిపోయారు.

బ్యాండ్ పిల్లల్ని నేను తిట్టడం లేదు. చౌరస్తా లాంటి బ్యాండ్లు సినిమా దాటి తెలుగులో సొంత పాట పాడుతున్నాయంటే సంతోషమే. కానీ దారి ఇంకోటి కూడా ఉందని మద్రాసు చూపించింది. 2018 జనవరి 6న చెన్నైలో ద క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ మొదటిసారి స్టేజీ ఎక్కింది. పా. రంజిత్ నీలం కల్చరల్ సెంటర్, సంగీతకారుడు టెన్మా కలిసి కట్టిన బ్యాండ్. పేరు అయోతీదాస్ పండితుల మాటలోంచి తీసుకున్నారు. ఉత్తర మద్రాసులో చావిళ్ల దగ్గర పాడే గానా పాటని, దాన్ని పాడే మనుషులతో సహా తెచ్చి గిటార్ల పక్కన నిలబెట్టారు. రిజర్వేషన్ మీద పాడారు, బీఫ్ మీద పాడారు. గానా అంటే మగవాళ్లదే అనుకునే చోట ఇసైవాణి అనే అమ్మాయి మైకు పట్టుకుంది. 2020లో బీబీసీ వందమంది మహిళల జాబితాలో ఆమె పేరొచ్చింది. చావు పాట నడిబజార్లో తలెత్తుకుని నిలబడింది.

మనం ఎందుకు చెయ్యకూడదు? ఏప్రిల్ 14 రాత్రి ఎట్టాగూ ప్రతి పల్లెలో మైకు మోగుతుంది. డీజే బాక్సులు అద్దెకి తెచ్చి సినిమా పాటలు పెట్టే బదులు, నూజెండ్ల, వినుకొండ వైపు పిల్లలు ఒక్క రాత్రి ఇట్టా చేసి చూడండి.

డబ్బు పల్లె చందాగానే ఉండాలి. నాయకుడి చందా వద్దు, నాయకుడి ఫ్లెక్సీ వద్దు. చందా ఇచ్చినవాడు సాయంత్రానికి మైకు అడుగుతాడు.

వాయించేవాళ్ల పేర్లు, ఇంటిపేర్లతో సహా, పాంప్లెట్ మీద వెయ్యండి. డబ్బు మొదటి దరువు కంటే ముందే చేతిలో పెట్టండి.

ఆడపిల్లల్ని, అమ్మల్ని ముందు కూర్చోబెట్టండి. మన పల్లెల్లో ఏ సభ జరిగినా వాళ్లు ఇంటి అరుగుల మీద నుంచే చూస్తారు. వంట, అంట్లు ఆ రోజు మగపిల్లలు చూసుకుంటే తొమ్మిదింటికల్లా వాళ్లు ముందు వరసలో ఉంటారు.

తాగొచ్చి గొడవ చేసేవాడి చందా కవర్లో పెట్టి చేతికిచ్చి ఇంటికి పంపండి. ఫుగాజీ చేసింది మనమూ చెయ్యగలం.

వీరుల కథ పాడే మాల పెద్దాయనా, పలక పట్టే మాదిగ పెద్దాయనా, చర్చిలో గిటారు నేర్చిన పిల్లా ఒకే స్టేజీ మీద ఉండాలి. వర్గీకరణ మీద మనలో మనకి వాదన ఉంది, ఉండనీండి. ఆ వాదన స్టేజీ పక్కన కూర్చుని చేసుకుందాం.

మొత్తం రికార్డు చెయ్యండి. ఆ ఫైలు వాయించినవాళ్ల పేరు మీద, వాళ్ల దగ్గర ఉండాలి. గాలెయ్య గొంతు దాచడానికి అమెరికా నుంచి మనిషి రావాల్సి వచ్చింది. ఇప్పుడు మన జేబులో ఫోన్లున్నాయి.

ఆఖరుది, అన్నిటికంటే పెద్దది. ఏ పెద్దాయనైనా "నేను పలక ముట్టనయ్యా, ఆ రోజులు నాకొద్దు" అంటే బతిమాలొద్దు. కళ పేరుతో ఒత్తిడి పెట్టొద్దు. ఆయనకి ముందు వరసలో కుర్చీ వెయ్యండి. వాయించను అన్నవాళ్లు కూలి పోగొట్టుకుని, పస్తులుండి సంపాదించిన హక్కు మీదే రేపు మన పిల్లలు గిటారు పట్టుకుని నిలబడేది.

మీ మీ పల్లెల్లో చావు డప్పు ఏ ఏడాది ఆగింది, ముందు "రాం" అన్నది ఎవరు, ఆ ఏడు పల్లె ఎట్టా బతికింది, పెద్దోళ్లు ఉండగానే అడిగి రాసిపెట్టుకోండి. మన సంగీత చరిత్రలో మొదటి పేజీ అది.

జై భీమ్.