తడిసింది ఫోను ఒక్కటేనా!

శనివారం ఉదయం. తణుకులో ఆ ఇంటి పెరట్లో బట్టలు నానబెడదామని వంగిందావిడ. బొడ్లో దోపుకున్న ఫోను జారి బుడుంగుమని సర్ఫు నీళ్ల బకెట్లో పడింది. చేయి పెట్టి వెతికి తీసేసరికి నిమిషమైనా అయ్యుంటుంది. తెర ఇంకా వెలుగుతూనే ఉంది.

'అయ్యయ్యో' అన్న కేకకి ఇంటిల్లిపాదీ పరుగెత్తుకొచ్చారు. ఇక చూడాలి... తలో సలహా! 'ఛార్జింగ్‌ పెట్టి చూద్దాం' అన్నాడు మనవడు. కూతురు హెయిర్‌ డ్రయర్‌ తెచ్చింది. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి 'బియ్యం డబ్బాలో పెట్టండి పిన్నిగారూ, రేపటికల్లా బాగైపోతుంది' అంది.

'పోనీలెండి అత్తయ్యగారూ, ఆరేళ్ల నాటి ఫోను. సాయంత్రానికి కొత్తది తెస్తాను' నవ్వేశాడు అల్లుడు.

ఆవిడ చెంగుతో ఫోను తుడుస్తూ నెమ్మదిగా అంది... 'కొత్తదాంట్లో మీ మావయ్యగారి గొంతు ఉండదుగా బాబూ!'

ఎవరూ మాట్లాడలేదు. ఆయన పోయి రెండేళ్లు. పొలం నుంచి వాట్సాప్‌లో పంపిన మాటలు... 'వస్తున్నా, అన్నం వండు', 'మబ్బేసింది, వడియాలు లోపల పెట్టు'... అంతే. రోజూ మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ ఆవిడ వాటిలో ఒకటి వింటుందని అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు.

అల్లుడు వెంటనే సెల్‌ఫోన్ల రిపేరు కుర్రాడికి ఫోన్‌ చేశాడు. 'ముందు స్విచ్చాఫ్‌ చేయండి సార్‌. ఛార్జింగ్‌ జోలికి మాత్రం వెళ్లొద్దు' అన్నాడతను. నీళ్లకన్నా, ఆ తడిలో కరెంటు పారడమే ప్రమాదమట. లోపలి రాగి గీతలకు చిలుము పడుతుంది. సబ్బునీళ్లు, ఉప్పునీళ్లయితే మరీ తొందరగా. సిమ్ము తీసేసి, పొడిబట్టతో తుడిచి, ఛార్జింగ్‌ రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని అరచేతి మీద మెల్లగా తట్టమన్నాడు. డ్రయర్‌ వేడికి లోపలి జిగురు వదులవుతుంది, గాలికి నీళ్లు ఇంకా లోపలికి పోతాయి. ఫ్యాను కింద ఆరబెట్టడమే మేలు. మరి బియ్యం? ఐఫోన్లను బియ్యంలో పెట్టొద్దనీ, సన్నని నలుసులు లోపలికి చేరి పాడుచేయొచ్చనీ 2024లో యాపిల్‌ కంపెనీయే చెప్పింది.

మంచినీళ్లయితే ఒక రోజంతా ఆరనిచ్చి చూడొచ్చు, సబ్బునీళ్లు కాబట్టి వెంటనే తెచ్చేయమన్నాడు.

దుకాణంలో ఫోను విప్పితే, సిమ్ము పెట్టే చోట ఉండాల్సిన తెల్లటి చుక్క ఎర్రగా మారింది. నీళ్లు తగిలాయనడానికి అదే సాక్ష్యం. 'నా ఫోనుకి ఏమీ కాదు, ఐపీ 67' గొప్పగా అన్నాడు మనవడు. 'అది మీటరు లోతు మంచినీళ్లలో అరగంట ఉంచి చేసే పరీక్ష బాబూ. నాలుగుసార్లు కిందపడ్డాక ఆ బిగువు అలాగే ఉంటుందా? నీళ్లు పోతే వారంటీ కూడా మామూలుగా వర్తించదు' అన్నాడు కుర్రాడు, బోర్డును స్పిరిటులో ముంచిన బ్రష్షుతో తుడుస్తూ.

మర్నాడు సాయంత్రం ఫోను వెలిగింది. తెర నిండా గీతలు, స్పీకరు మూగబోయింది. అయినా లోపలివన్నీ భద్రంగానే ఉన్నాయి. మనవడు అక్కడే కూర్చుని ఆ మాటలన్నీ తన ఫోనులోకీ, అమ్మ ఫోనులోకీ, ఇంట్లో కంప్యూటర్లోకీ ఎక్కించాడు. ఫోను తడవడానికి నిమిషం చాలు. అందులో ఉన్న మనుషుల్ని దాచుకోవడానికి అది తడిసేదాకా ఆగాలా?

ఆ రాత్రి భోజనాల దగ్గర వాడు మీట నొక్కాడు.

'వస్తున్నా, అన్నం వండు...'

రెండేళ్ల తర్వాత ఆ గొంతు ఇంటిల్లిపాదీ విన్నారు. ఆవిడ మాత్రం కళ్లు తుడుచుకుని, అలవాటుగా మరో కంచం కోసం చెయ్యి చాపింది.