పటికబెల్లానికి దారం, ఎముకకు పీచు

కోడి కాలి ఎముకను ఎప్పుడైనా వెనిగర్‌లో నానబెట్టి చూశారా? శుభ్రంగా కడిగి సీసాలో వేసి, మునిగేలా వెనిగర్ పోసి, మధ్యలో ఒకసారి మార్చి నాలుగైదు రోజులుంచండి. ఎముక రబ్బరులా వంగుతుంది! పులుపుకి అందులోని కాల్షియం ఖనిజం కరిగిపోయి, కొల్లాజెన్ అనే పీచు మిగులుతుందన్నమాట. అదే ఎముకను నిప్పుల్లో బాగా కాలిస్తే పీచు కాలిపోయి ఖనిజమే మిగులుతుంది. వేళ్లతో నలిపితే పొడి. అంటే ఎముక బలానికి రెండూ కావాలి.

ఈ సంగతి నాకెందుకు పట్టిందంటే, మా అమ్మకు విరిగిన కాలి ఎముక ఎంతకీ అతుక్కోలేదు. డాక్టరుగారు తుంటి దగ్గర కొంచెం ఎముక తీసి అక్కడ పెట్టారు. కాలు నయమైంది గానీ, తీసిన చోట నొప్పి ఏడాదిదాకా పోలేదు. "ఒక గొయ్యి పూడ్చడానికి ఇంకో గొయ్యి తవ్వారే!" అనేది అమ్మ.

ఆ రెండో గొయ్యి తప్పించాలనే శాస్త్రవేత్తలు ఎముకలాంటి పీచు తయారుచేస్తున్నారు. కొల్లాజెన్, జెలటిన్ వంటివి ద్రవంగా కలిపి సిరంజిలో పోసి, సూదికి వేల వోల్టుల కరెంటు ఇస్తారు. సన్నటి ధార గాల్లోనే ఆరిపోయి పీచుమిఠాయిలా పోగుపడుతుంది. ఒక్కో పోగు వెంట్రుక కన్నా కొన్ని వందల రెట్లు సన్నం. తర్వాత దాన్ని కాల్షియం, ఫాస్ఫేటు ఉన్న ద్రవంలో నానబెడతారు. మన రక్తంలోని లవణాల పాళ్లకు దగ్గరగా ఉండే అలాంటి ద్రవాన్ని జపాన్‌లో కొకుబో బృందం 1990లో ప్రకటించింది. దారానికి పటికబెల్లం పట్టినట్టు పోగులకు ఖనిజం పడుతుంది.

అయితే పైపైన పడితే చాలదండీ. అసలు ఎముకలో ఖనిజపు పలుకులు పీచు లోపల కూడా, దాని పొడవునా బారులు తీరి ఉంటాయి. 2001లో అమెరికాలో స్టప్ బృందం, తమంతట తామే అల్లుకునే పోగుల మీద పలుకులు ఆ వరసలోనే పెరిగేలా చేసింది.

కొల్లాజెన్, ఖనిజం కలిపిన స్పాంజిలాంటివి ఇప్పటికే కొన్ని ఆపరేషన్లలో వాడుతున్నారు. ఈ సన్నపోగులు మాత్రం ఎక్కువగా ప్రయోగశాలల్లోనే ఉన్నాయి. బరువు మోసే బలమూ, లోపలికి రక్తనాళాలు పాకే సందూ రెండూ ఒకేసారి కుదరాలి మరి.

మీ ఇంట్లో ఎవరికైనా ఎముక పెట్టాల్సివస్తే, "ఎక్కడ్నుంచి తీస్తారు? ఆ నొప్పి ఎన్నాళ్లుంటుంది? బదులు పెట్టేదేమైనా ఉందా?" అని డాక్టర్ని ముందే అడగండి. విరిగిన చోటు గురించి వాళ్లే చెబుతారు. తీసే చోటు గురించి మనమే అడగాలి.