నూనె లేని పొగగొట్టం



సండే స్కూల్ గదిలోని బొమ్మ రైలింజన్ గురించి పిల్లలు అడుగుతూనే ఉన్నారు. "అయ్యగారూ, పొగ ఎందుకు వస్తలేదు?" అని. ఈ రోజు జవాబు చెప్తాను.

ఆ ఇంజన్ గల్ఫ్ నుండి తిరిగొచ్చిన మన సహోదరుడొకరు ఇచ్చింది. జర్మనీ మార్క్‌లిన్ కంపెనీది, అసలు ఇంజన్‌లో 87వ వంతు ఉంటుంది. షార్జాలో ఎవరో వాడి అమ్మేస్తే కొన్నారట. ఆయన తండ్రి బోధన్ నిజాం చక్కెర ఫ్యాక్టరీలో పనిచేశారు. 1937లో పెట్టి, 2015 డిసెంబరులో మూతపడిందే, అదే. "ఆ చిమ్నీల పొగ కనిపిస్తే ఇంట్ల బువ్వ ఉన్నట్టే అయ్యగారూ" అనేవారు. అందుకే పొగ వచ్చే ఇంజన్‌నే ఏరి కొనుక్కున్నారు.

దాని పొగగొట్టంలో చిన్న లోహపు గొట్టం, అందులో వేడెక్కే సన్నని తీగ ఉంటాయి. పైనుండి దానికని అమ్మే నూనె కొన్ని చుక్కలు వేయాలి. వేడికి నూనె ఆవిరై తెల్లగా లేస్తుంది. ఎక్కువ పోస్తే పొగ రాదు, నూనె పట్టాల మీదికి కారి చక్రాలు జారతాయి. అప్పుడు కాగితం కొనతో నూనె పీల్చి, చక్రాలను స్పిరిట్‌తో తుడవాలి. ఇదంతా ఓపికతో అయ్యే పని. కానీ నూనె లేకుండా నడిపితే తీగే కాలిపోతుంది.

ఇవన్నీ ఆయన చెప్పే ఇచ్చారు. అయినా క్రిస్మస్ ముందటి ఆదివారం పిల్లలు "ఇంకొక్కసారి" అని అరుస్తుంటే, నూనె అయిపోయిందని తెలిసి కూడా తిప్పాను. వాళ్ల కేకలు నా చెవికి తియ్యగా ఉన్నాయి మరి. మాడు వాసన వచ్చింది, పొగ ఆగింది. సెల్‌ఫోన్ రిపేరు చేసే తమ్ముడు మీటరు పెట్టి చూసి, తీగ తెగిందన్నాడు.

సహోదరుడు అడిగితే నేనేమన్నానో తెలుసా? "పాతది కదన్నా, దాని ఆయుష్షు తీరింది." తర్వాతి ఆదివారమే యెషయా 42:3 మీద వాక్యం చెప్పాను, ఆరిపోబోయే వత్తిని కూడా ఆర్పనివాని గురించి. ఆయన ముందు వరుసలో కూర్చొని తలూపుతున్నారు. నోట్సులోంచి తలెత్తలేకపోయాను.

మూడు వారాలకు గానీ ఆయనింటికి పోయి నిజం చెప్పలేదు. కాసేపు ఆయన ఏమీ అనలేదు. తర్వాత, "ఇంజన్ పోతే పోయింది. నాతోటి అబద్ధం ఎందుకు చెప్పిన్రు?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. ప్రార్థన చేద్దామని నేను అనలేదు, ఆయనే అన్నారు.

కొత్త పొగగొట్టం నా డబ్బుతో తెప్పిస్తున్నాను పిల్లలూ. నూనె సీసా మాత్రం ఇకమీదట ఆయన దగ్గరే ఉంటుంది.