చెవితో వ్రాసిన నిఘంటువు

గిడుగు రామమూర్తి పంతులుగారంటే వాడుక భాషే అందరికీ జ్ఞాపకం. నేను తరగతిలో చెప్పే పాఠమూ అదే. ఆగస్టు 29 వచ్చిందంటే పటానికి దండలు వేస్తాం, ఉపన్యాసాలిస్తాం. ఆయన చేసిన సవర–ఇంగ్లీషు నిఘంటువు ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు.

మా శృంగవరపుకోట బజారుకి కొండలవాళ్ళు చింతపండూ, చీపుళ్ళూ తెచ్చి అమ్ముతారు. బేరమంతా తెలుగులోనే. ఒక్కొక్కప్పుడు వాళ్ళలో వాళ్ళు ఇంకేదో భాషలో మాట్లాడుకుంటారు. వీళ్ళు సవరలు కారు. సవరల ఊళ్ళు బాగా ఉత్తరాన సీతంపేట, పర్లాకిమిడి కొండల్లో ఉన్నాయి. అయినా, ఆ మాటలు చెవిని పడితే నాకు పంతులుగారే గుర్తొస్తారు.

విజయనగరంలో గురజాడవారితో కలిసి చదువుకున్న ఆయన, 1880లో పర్లాకిమిడిలో మేష్టరుగా చేరారు. అక్కడ సవర నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. ఎలాగ? పుస్తకాలు లేవు. అప్పటికి లిపి కూడా లేదు. తెలుగు వచ్చిన సవరనొకణ్ణి ఇంట్లో పెట్టుకుని, మాట మాటా అడిగి వ్రాసుకున్నారు.

ఆక్స్‌ఫర్డు ఇంగ్లీషు నిఘంటువుకి వేలాదిమంది గ్రంథాలు చదివి, చీటీలు వ్రాసి టపాలో పంపారు. 1928లో గాని అది పూర్తికాలేదు. దాన్ని తక్కువ చెయ్యను. కాని వాళ్ళకి చదవడానికి గ్రంథాలున్నాయి. ఇక్కడ పలికే నోరూ, వినే చెవీ తప్ప వేరే ఆధారం లేదు. ఆ చెవికే ముప్పొచ్చింది! కొండలు తిరిగితే మలేరియా పట్టుకుంది. క్వినైను మింగి మింగి వినికిడి పోయింది.

అయినా పని మానలేదు. ప్రభుత్వం పారితోషికమిస్తానంటే, ఆ డబ్బుతో సవర పిల్లలకి బడి పెట్టించమన్నారు. 1931లో వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులో అచ్చయ్యాయి. సవరలు తమ భాషని ‘సోరా’ అంటారు. ఆ రెండు దీర్ఘాలూ పోకుండా, ఇంగ్లీషు అక్షరాల పక్కన రెండేసి చుక్కలు పెట్టారాయన. అప్పటికి డెబ్భయి అయిదేళ్ళ వయస్సు. 1940 జనవరిలో పోయారు.

పోయినేడు సీతంపేట వైపునుంచి వచ్చిన సవర కుర్రవాడొకడికి కంప్యూటరులో ఆ పుస్తకం చూపించాను. ఇంగ్లీషు అర్థాల జోలికి పోలేదు. ఒక మాట కూడబలుక్కుని చదివి, మొహం ఇంత చేసుకుని, ‘‘మా అమ్మమ్మ ఇలాగే అంటాది, మాస్టారూ!’’ అన్నాడు.

‘‘మరి నువ్వో?’’ అన్నాను.

నవ్వి ఊరుకున్నాడు.