బతికున్న రూటర్‌కి వైద్యం

మా ఇంట్లో రూటర్ పాడవలేదు. పనిచేస్తున్న దాంట్లో నేనే వేలు పెట్టాను.

కారణం లేకపోలేదు. అది ఆర్చర్ సీ7, రెండో వెర్షన్. కొత్త అప్‌డేట్లు రావడం ఎప్పుడో ఆగిపోయింది. అంతకంటే పెద్ద బాధ ఇంకోటి ఉంది. ఫోన్లలోని ఫొటోలు క్లౌడ్‌కి ఎక్కుతున్నంతసేపూ మా ఆవిడ ఆఫీసు కాల్ ముక్కలు ముక్కలయ్యేది. స్పీడ్ టెస్టు పెడితే అంకె బాగానే వచ్చేది. అంటే లోపం వేగంలో లేదు. బయటికి వెళ్ళాల్సిన ప్యాకెట్లు పొడవాటి క్యూలో ఇరుక్కుపోతున్నాయి. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే ఓపెన్‌సోర్స్ ఫర్మ్‌వేర్ వేసుకుంటే ఇందుకు కేక్ అనే మందు దొరుకుతుంది. లైను అసలు వేగానికి కాస్త లోపలే హద్దు పెట్టుకుంటే క్యూ మన రూటర్ అదుపులోకి వస్తుంది, కాల్ ప్యాకెట్లు ఫొటోల వెనక పడిగాపులు పడక్కర్లేదు.

ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ పుట్టుక కథ కూడా నన్ను ఊరించింది. 2002 చివర్లో లింక్‌సిస్ డబ్ల్యుఆర్‌టీ54జీ అనే రూటర్ వచ్చింది. లోపల నడుస్తున్నది లైనక్స్ అని ఔత్సాహికులు కనిపెట్టారు. జీపీఎల్ లైసెన్సు ప్రకారం సోర్స్ కోడ్ ఇచ్చి తీరాలని పట్టుబడితే కంపెనీ 2003లో దాన్ని బయటపెట్టింది. ఆ కోడ్ ఆధారంగానే 2004లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ మొదలైంది. ఇలాంటి కథలు చదివిన ఉత్సాహంతో రాత్రిపూట పని మొదలుపెట్టకూడదు. నేను మొదలుపెట్టాను.

రూటర్ అడుగున లేబుల్ చూసి, రెండో వెర్షన్‌కి సరిపోయే ఫ్యాక్టరీ ఫైలే దించుకున్నాను. అంతవరకూ తప్పులేదు. లాన్ కేబుల్ వెతకడానికి బద్ధకించి వై-ఫై మీదే ఎక్కించాను. ఫైలు వెళ్ళింది, లైట్లు ఆడాయి, ఆ తర్వాత మా వై-ఫై పేరు మాయమైంది. ఎంతసేపు చూసినా తిరిగి రాలేదు. బ్రౌజర్లో 192.168.0.1 కొడితే ఉలుకూ పలుకూ లేదు. పోయింది అనుకున్నాను.

“ఏంటండీ ఇది, నాకు కాల్ ఉందని తెలుసుగా?” అంటూ మా ఆవిడ ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని లోపలికి వెళ్ళింది. ఇక నేను వైద్యానికి దిగాను. ఈ రూటర్‌కి ప్రాణం పోసే దారి ఒకటుంది. ల్యాప్‌టాప్‌కి 192.168.0.66 అడ్రస్ ఇచ్చి, టీఎఫ్‌టీపీ సర్వర్ నడిపి, రీసెట్ బటన్ నొక్కి పట్టుకుని కరెంటు ఇస్తే, రూటర్ తనంతట తనే ఒక నిర్ణీత పేరున్న ఫైలును అడుగుతుంది. పాత ఫర్మ్‌వేర్‌ని ఆ పేరుతో పెట్టాను. నొక్కాను, పట్టుకున్నాను, వదిలాను. ఏమీ జరగలేదు. రూటర్ అడుగుతూనే ఉంది. నా ల్యాప్‌టాప్ ఫైర్‌వాల్ లోపలికి రానివ్వడం లేదు. ఆ సంగతి తట్టి ఫైర్‌వాల్ ఆపేసరికి అర్ధరాత్రి దాటింది. ఫైలు వెళ్ళింది, పాత ఫర్మ్‌వేర్ వచ్చి కూర్చుంది. గెలిచాననే అనుకున్నాను.

అసలు సంగతి మర్నాడు సూచనలు తీరిగ్గా చదివితే తెలిసింది. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ మొదటిసారి ఎక్కినప్పుడు వై-ఫై ఆఫ్‌లోనే ఉంటుంది. దాని అడ్రసు 192.168.1.1. కేబుల్ గుచ్చి ఆ అడ్రసు కొట్టి ఉంటే ఎదురుగా ప్రత్యక్షమయ్యేది. శుభ్రంగా పనిచేస్తున్నదాన్ని చెరిపేసి, పాతది తెచ్చిపెట్టాను.

అంతకన్నా సిగ్గుపడాల్సింది వేరే ఉంది. రీసెట్ అవడంతో నెట్ కనెక్షన్‌కి లాగిన్ అయ్యే పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఎగిరిపోయాయి. కనెక్షన్ ఇచ్చిన రోజు నెట్ అబ్బాయే వచ్చి కొట్టి వెళ్ళాడు, నేను రాసుకోలేదు. అతను ఫోనెత్తేదాకా ఇల్లంతా మొబైల్ డేటా మీదే బతికాం. ఫర్మ్‌వేర్ గురించి రోజుల తరబడి చదివినవాణ్ణి, మా సొంత లైను వివరాల కోసం ముందే ఒక్క ఫోన్ చేయలేకపోయాను.

రెండోసారి ఆదివారం పగలు, కేబుల్ మీద చేశాను. వివరాలు కాగితం మీద, పాత ఫర్మ్‌వేర్ ల్యాప్‌టాప్‌లో సిద్ధంగా పెట్టుకున్నాను. రూట్ పాస్‌వర్డ్ మొదట ఖాళీగా ఉంటుంది, ముందు అది పెట్టాలి. తర్వాత దేశం ఇండియా అని ఎంచుకుని వై-ఫై ఆన్ చేశాను. కేక్‌కి హద్దులు ఇచ్చాక ఫొటోలు ఎక్కుతున్నా కాల్ తెగడం లేదు. కాకపోతే ఇందులోది 720 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్. మా ప్లాన్‌కి చాలుతోంది గానీ, వేగం బాగా పెంచుకుంటే కేక్ లెక్కలు వేయలేక ఆయాసపడుతుంది. అప్పుడు వేరే రూటర్ కొనాల్సిందే.

ఈమధ్య కింది ఫ్లాట్ ఆయన తన పాత రూటర్ పట్టుకొచ్చి, “మీరు చేసుకున్నారటగా, దీనిక్కూడా ఎక్కించి పెట్టండి” అన్నారు. మోడల్ చూశాను: 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్. ఈ కోవవాటికి 19.07 తరంతోనే అధికారికంగా కొత్త ఫర్మ్‌వేర్ ఆగిపోయింది. అదే చెప్పి తిరిగి ఇచ్చేశాను. వెళ్ళిపోతున్న ఆయన్ని ఆపి, “మీ పీపీపీఓఈ పాస్‌వర్డ్ ఎక్కడైనా రాసుకున్నారా అండీ?” అని అడిగాను. “అదేంటి?” అన్నారు. అప్పటికప్పుడు నెట్ అబ్బాయి నంబరు ఇచ్చి పంపాను.