జడ కత్తిరించే ముందు ఒక్క మాట

హాస్టళ్లలో చదివే చెల్లెళ్ల కోసం ఈ పోస్టు.

నడుం దాకా జడతో చేరినం. పదో తరగతికి ఎలకతోకలే మిగిలినయ్. "అడవి పిల్లలకి శుభ్రం తెలీదు, కత్తిరించేయండి" అనే మాట మేమందరం విన్నాం. శుభ్రం తెలీక కాదు. ఒక్క బోరు దగ్గర అంతమందిమి, నురగ రాని నీళ్లు, బట్టల సబ్బు. ప్రార్థన గంట కొట్టేలోపు తడి జుట్టే లాగి, రెండు జడలు బిగించేవాళ్లం. తడి వెంట్రుక బలహీనంగా ఉంటుంది, లాగితే తెగుద్ది.

దువ్వెనలో వచ్చిన వెంట్రుక చూడండి. చివర తెల్ల బుడిపె ఉంటే కుదురు నుంచి ఊడింది. బుడిపె లేని పొట్టి ముక్కయితే మధ్యలో విరిగింది. విరిగేదాన్ని ఆపొచ్చు: సెలవురోజు తలస్నానం, సంతలో దొరికే కుంకుళ్లు, ఆరినాక పెద్దపళ్ల దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీయడం, వదులు జడ. అమ్మమ్మలు రాసే ఇప్పనూనె కూడా రాపిడి తగ్గిస్తుంది.

కుదుళ్లతో గుప్పెళ్లు ఊడుతూ నీరసం, ఆయాసం ఉంటే రక్తం తక్కువేమో. ఏఎన్ఎం అక్కకి చెప్పి పరీక్ష చేయించుకోండి. వారం వారం ఇచ్చే ఐరన్ మాత్ర పారేయొద్దు.

జుట్టు నెలకి 1 సెంటీమీటరు పెరుగుద్ది. నడుం దాకా జడంటే ఐదారేళ్లు. ఎవరో విసుక్కున్నారని కత్తిరించుకోకండి. అందరూ కలిసెళ్లి వార్డెన్‌ని ఆదివారం అరగంట ఎక్కువ టైమ్, ఇంకో బకెట్ నీళ్లు అడగండి.